కేం నది మీద గుద్దుడు పందేలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ ఇంగ్లండు విశేషాలు ఓ అరగంట చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. నాకు ముందు డి.ఎ. బకాయిల మీద ఒకరు, మెడికల్ బిల్లుల మీద ఒకరు మాట్లాడారు. నా తర్వాత ఫ్యామిలీ పెన్షన్ గురించి ఇంకొకరు మాట్లాడబోతున్నారు. మధ్యలో కాస్త గాలి మారడానికి నన్ను పెట్టారని అర్థమైంది. లండన్ బ్రిడ్జి, రాజు గారి కోట వగైరాలు మీలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు చూసే ఉంటారు. వాటి జోలికి పోను. 2023 జూన్ నెలలో కేంబ్రిడ్జిలో నాలుగు రోజులు చూసిన పడవ పందేల సంగతి ఒక్కటే చెబుతాను. అందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది, అదీ చెబుతాను.

మా అమ్మాయి కూతురు అప్పుడు కేంబ్రిడ్జిలో ఒక కాలేజీలో చదువుతోంది. కాలేజీ పేరు చెప్పను. ఎప్పటికైనా దాని చెవిన పడితే నాతో మాట్లాడదు. మనిషి పొట్టి, బక్కపలచన. చిన్నప్పుడు స్కూల్లో ఏ ఆటలోనూ చేర్చుకునేవారు కారు. అలాంటిది, పడవల క్లబ్బు వాళ్ళు ఏరికోరి తీసుకున్నారని ఫోన్ చేసింది. "తెడ్డు వేస్తావుటే?" అన్నాను. "కాదు తాతయ్యా, నేను నడిపిస్తాను" అంది. ఎనిమిది మంది తెడ్లు వేస్తుంటే వెనక కూర్చుని చుక్కాని తిప్పే మనిషి ఒకరుంటారు. వాళ్ళు కాక్స్ అంటారు. మన గోదావరి లాంచీల మీద సరంగు అంటాం. సరంగు ఎంత తేలికగా ఉంటే పడవకి అంత మేలు. ఆ విధంగా మా పిల్ల బక్కతనం అక్కరకొచ్చింది.

మీకు తెలుసు, నా సర్వీసంతా డెల్టా కాలవల మీద, లాకుల దగ్గరే గడిచింది. నీళ్ళన్నా పడవన్నా నాకు కొత్త కాదు. కనుక "రండి, చూద్దురు గాని" అని అమ్మాయి పిలవగానే మా ఆవిడని బయల్దేరదీశాను. కేం నదిని చూసి మొదట ఉసూరుమన్నాను. నది అంటే మనకి గోదావరి కదా! ఇది మన ప్రధాన కాలవల కంటే పెద్దదేమీ కాదు. రెండు పడవలు పక్కపక్కన పోటీ పడే చోటు లేదు. ఆ ఇరుకులోంచే ఈ ఆట పుట్టింది.

పడవలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెడతారు. ఒక్కో పడవ సుమారు 60 అడుగులు. పడవకీ పడవకీ మధ్య ఒకటిన్నర పడవ దూరం, అంటే 90 అడుగులు వదులుతారు. ఫిరంగి మోగగానే అందరూ ఒక్కసారే బయల్దేరాలి. ముందున్న పడవని నువ్వు పట్టుకుని తాకాలి. ఈలోగా వెనకవాడు నిన్ను తాకకూడదు. తాకితే దాన్ని బంప్ అంటారు. తాకినవాళ్ళూ తగిలించుకున్నవాళ్ళూ ఇద్దరూ గట్టుకి తప్పుకుంటారు. మర్నాడు ఆ రెండు పడవల చోట్లు తారుమారవుతాయి. మా ఆవిడ ఇదంతా విని "ఓహో, గుద్దుడు పందెం" అంది. అంతకంటే మంచి అనువాదం నాకు తట్టలేదు.

ఆక్స్‌ఫర్డులో 1815 నాటికే ఇవి ఉన్నాయి. అక్కడి కుర్రాళ్ళు పడవల్లో దిగువ ఊరి సత్రానికి పోయి, తిని తాగి తిరిగొస్తూ, ఇఫ్లీ లాకులోంచి ఒక్కొక్కరే బయటపడి ముందువాణ్ణి తరమడంతో ఈ ఆట పుట్టిందని చెబుతారు. లాకులోంచి పుట్టిన ఆట అనగానే నాకు సొంత ఊరివాడు కనిపించినట్టయింది. కేంబ్రిడ్జిలో 1827లో మొదలయ్యాయి. చలికాలం చివర లెంట్ పందేలు, ఎండాకాలంలో మే పందేలు. పేరు మే, జరిగేది జూన్‌లో. పరీక్షలయ్యాక పెట్టుకుందామని పందేలని జరిపారు గాని పేరుని జరపలేదు. ఆడపిల్లలకి 1974లో నలుగురు తెడ్లేసే పడవలతో మొదలుపెట్టి, 1990 నుంచి ఎనిమిది మంది పడవలు ఇచ్చారు. మే పందేలు బుధవారం మొదలై శనివారంతో ముగుస్తాయి. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేర్వేరుగా డివిజన్లు, డివిజనుకి 17 పడవలు. కింది డివిజన్లు ముందు, పై డివిజన్లు తర్వాత. కింది డివిజన్లో మొదటి పడవ అదే రోజు పై డివిజన్లో ఆఖరి పడవగా మళ్ళీ పోటీ చెయ్యాలి. దాన్ని శాండ్‌విచ్ పడవ అంటారు. ఇన్‌ఛార్జి డ్యూటీ అన్నమాట. ఉన్న పనీ చెయ్యాలి, పై పనీ చెయ్యాలి.

ఇక అసలు విషయం. ఈ వరస ఏటికేడాది కొత్తగా మొదలవదు. నిరుడు ఆఖరి రోజున ఏ పడవ ఎక్కడ ఆగిందో ఈ ఏడు అక్కడినుంచే మొదలు. పిల్లలు మూడేళ్ళకో నాలుగేళ్ళకో చదువు ముగించుకుని వెళ్ళిపోతారు, చోటు మాత్రం ఉండిపోతుంది. కోవిడ్ వల్ల 2020లోనూ 2021లోనూ మే పందేలు జరగలేదు. 2022లో మళ్ళీ పెట్టినప్పుడు 2019 నాటి వరసనే పట్టుకున్నారు. ఈ సభలో సీనియారిటీ లిస్టు అంటే తెలియనివారు లేరు కనుక ఇంతకంటే వివరించను. తేడా ఒక్కటే. మన లిస్టులో పైవాడు రిటైరైతే కిందివాడు దానంతట అదే పైకి వస్తాడు. అక్కడ పైవాణ్ణి వెళ్ళి తాకితే గాని రాదు. నాలుగు రోజులూ బాగా ఆడితే నాలుగు మెట్లు. ముందున్న రెండు పడవలు ఒకదాన్నొకటి తాకి తప్పుకుంటే, వాటి ముందున్నదాన్ని తాకి ఒకేసారి మూడు మెట్లు ఎక్కడం కూడా ఉంది. అది అరుదు. అట్టడుగు నుంచి మొదటి చోటుకి రావాలంటే ఒక తరం విద్యార్థుల వల్ల అయ్యే పని కాదు.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు పోతాను. మన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదువుకున్నది అక్కడి సెయింట్ జాన్స్ కాలేజీలో. ఆ కాలేజీ పడవల క్లబ్బు 1825 నాటిది, పేరు లేడీ మార్గరెట్. వాళ్ళు తొడుక్కునే కోట్లు నిప్పులా మండే ఎరుపు కావడం వల్లే బ్లేజర్ అన్న మాట వచ్చిందట. మన మనవలు మండుటెండలో స్కూలుకి తొడుక్కుపోయే బ్లేజరుకి మూలం అదీ.

మా పిల్లది వాళ్ళ కాలేజీ ఆడవాళ్ళ మూడో జట్టు. కింది డివిజన్. అయినా అంతకుముందు జట్టువాళ్ళు కష్టపడి కొన్ని మెట్లు పైకి తెచ్చి అప్పగించి వెళ్ళారు. "వాళ్ళు తెచ్చిన చోటు తాతయ్యా, మేం పోగొట్టకూడదు" అని మేం వచ్చిన రోజు నుంచీ అదే పాట. నిద్ర సరిగా లేదు. వాళ్ళ అమ్మ "ఆటే కదే" అంటే మాట్లాడేది కాదు.

బుధవారం మేం ఫెన్ డిట్టన్ అనే పల్లె దగ్గర గడ్డి మైదానంలో కూర్చున్నాం. నది అక్కడ మలుపు తిరుగుతుంది. జనం దుప్పట్లు పరుచుకుని, తినుబండారాలతో తిరణాలలా ఉన్నారు. పందెం మొదలయ్యేది దిగువన, బెయిట్స్ బైట్ లాకుకి కాస్త ఎగువన. నాలుగు నిమిషాలుందనగా ఒక ఫిరంగి, ఒక నిమిషం ఉందనగా ఇంకొకటి, మూడోది బయల్దేరడానికి. అంతవరకూ పడవ కొట్టుకుపోకుండా గట్టుకి కట్టిన గొలుసు కొసని సరంగు చేత్తో పట్టుకుని ఉండాలి. మూడో మోత వినగానే వదిలెయ్యాలి. అవన్నీ నాకు దూరం నుంచి వినిపించాయి. ఎదుటి గట్టు మీద సైకిళ్ళ మీద కోచ్‌లు ఈలలు ఊదుకుంటూ వస్తున్నారు. ఒక పడవ వచ్చింది, ఇంకొకటి వచ్చింది, చాలా దూరం తర్వాత మరొకటి. మా పడవ మాత్రం రాలేదు. కాసేపటికి అల్లుడు గారు ఫోన్‌లో చూసి, "బంప్ అయిందట మామయ్య గారూ" అన్నారు. మనవాళ్ళు తాకారేమో అనుకుని నేను చప్పట్లు కొట్టాను. తగిలించుకున్నది మనవాళ్ళేనని తర్వాత తెలిసింది. తాకిన జట్టువాళ్ళు గట్టు మీది కొమ్మలు తుంచి తలల్లో తురుముకుని తిరిగి వెళ్ళారు. మావాళ్ళు ఉత్త తలలతో వెళ్ళారు.

గురువారం నేను ఒక్కణ్ణే గట్టు వెంట నడిచి ముందుకు పోయాను గాని, గ్రాసీ కార్నర్ అనే మలుపు దగ్గర జనం ఒత్తిడిలో సరిగా కనిపించలేదు. కేకలు వినిపించాయి, అంతే. ఆ రోజు కూడా తగిలించుకున్నారు. రాత్రి పిల్ల ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. సంగతేమిటంటే, తాకిందో లేదో అన్నది అక్కడ పెద్ద తగవు. తాకగానే ముందు పడవ సరంగు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మా పిల్ల చెయ్యెత్తేసింది. జట్టులో ఇద్దరు ముగ్గురు "అసలు తాకనే లేదు, తొందరపడ్డావు" అన్నారట. ఒకమ్మాయి మాట్లాడటం మానేసింది.

"నీకు తెలీదూ తాకిందో లేదో?" అన్నాను.

"నాకు వెనక కనిపించదు తాతయ్యా" అంది.

అప్పుడు గాని ఆ పడవ సంగతి నాకు పూర్తిగా బోధపడలేదు. తెడ్లు వేసే ఎనిమిది మందీ వెనక్కి తిరిగి కూర్చుంటారు. వాళ్ళకి తరుముకొస్తున్న పడవ కనిపిస్తుంది, వెళ్ళే దారి కనిపించదు. సరంగుకి దారీ, ముందున్న పడవా కనిపిస్తాయి, వెనక ముంచుకొచ్చేది కనిపించదు. తల తిప్పితే పడవ వంకర పోతుంది. కనుక వెనక పడవ కోచ్ ఊదే ఈలలు లెక్కపెట్టుకోవాలి. కాని ఆ గట్టు మీద ఎవరి ఈల ఎవరిదో ఎలా తెలుస్తుంది? మా పిల్ల చెప్పిన ఉపాయం ఒక్కటే. తనకి ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరలో కూర్చుని తెడ్డు వేసే అమ్మాయిని స్ట్రోక్ అంటారు. ఆ అమ్మాయి మొహం చూస్తే వెనక ఎంత దగ్గరికొచ్చారో తెలుస్తుందట. గురువారం ఆ మొహం చూసింది, చుక్కాని దగ్గర ఏదో అదిరినట్టనిపించింది, చెయ్యెత్తింది.

ఇక్కడే నేను పెద్దరికం చేశాను. "పక్కాగా తెలిసేదాకా ఎత్తకు తల్లీ. ఎత్తిన చెయ్యి దించలేం" అన్నాను. కాగితం కళ్ళారా చూడందే సంతకం పెట్టని అలవాటు నాది. ఆ అలవాటే నన్ను సర్వీసులో ఏ చిక్కూ లేకుండా బయటపడేసింది. అదే దానికీ నూరిపోశాను. మా ఆవిడ వంటింట్లోంచి "పడవలో కూర్చునేది అది, మీరు కాదు" అంది. నేను వినిపించుకోలేదు.

శుక్రవారం మళ్ళీ డిట్టన్ మలుపు దగ్గరే కూర్చున్నాం. ఈసారి మా పడవ కంటికి కనిపించింది. మా ఆవిడ లేచి నిలబడింది. వెనక పడవ అప్పటికే మీదికొచ్చేసింది. కోచ్ ఆపకుండా ఈల ఊదుతున్నాడు. మలుపు తిరగడానికి మా పడవ కాస్త నెమ్మదించింది. తాకింది. నాకు ఇవతలి గట్టు నుంచే కనిపించింది తాకినట్టు. చెయ్యి లేవలేదు. ఒక లెక్క, రెండు, మూడు. వెనక పడవ వాళ్ళకి ముందు చెయ్యి లేచినట్టు తెలిస్తే గాని ఆగరు. వాళ్ళ పడవ ముక్కు మా పడవ వెనక భాగం మీదికి ఎక్కి, మా పిల్ల భుజం పక్కనుంచి జానెడు దూరంలో దూసుకుపోయింది. అప్పుడు లేచింది చెయ్యి. స్ట్రోక్ అమ్మాయి తెడ్డు వదిలేసి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ అమ్మాయి మణికట్టు కమిలింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. కాళ్ళు రాలేదు.

సాయంత్రం వాళ్ళ కోచ్ జట్టునంతా కూర్చోబెట్టి, 1888లో లెంట్ పందేలలో ఒక కుర్రాడు వెనక పడవ ముక్కు పొడుచుకుని చనిపోయిన సంగతి చెప్పాడట. పడవ ముక్కులకి రబ్బరు బంతి తొడగాలన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది. శుక్రవారం మా పిల్ల భుజం పక్కనుంచి పోయింది ఆ బంతే. రాత్రి దాని గది ముందు నిలబడి తలుపు తట్టి, "నిన్న నేను చెప్పింది తప్పమ్మా. నాకు పడవ తెలుసు గాని ఈ ఆట తెలీదు" అన్నాను. నా సర్వీసులో కింది ఉద్యోగితో గాని, నా జీవితంలో పిల్లలతో గాని ఆ మాట అన్న జ్ఞాపకం లేదు. అది "నువ్వు చెప్పావని కాదు తాతయ్యా, వాళ్ళు మళ్ళీ తిడతారని ఎత్తలేదు" అంది. నన్ను తేలిక పరచడానికి అందో, నిజమే అందో ఇప్పటికీ నాకు తెలియదు.

శనివారం పొద్దున బోటుహౌస్ దగ్గర పడవ దించేముందు అది జట్టుతో ఏమందో స్ట్రోక్ అమ్మాయి తర్వాత మా ఆవిడకి చెప్పింది. "తెడ్లు మీవి, చెయ్యి నాది. ఎత్తాక ఎవరూ మాట్లాడొద్దు" అందట. మాట్లాడటం మానేసిన అమ్మాయే ముందు తలూపిందట.

ఆ రోజు మా పడవ గ్రాసీ దాటింది. ప్లవ్ అనే సారాయి దుకాణం ముందు నుంచి తిన్నగా వచ్చింది. డిట్టన్ మలుపు మా కళ్ళ ముందే తిరిగింది. వెనక పడవకీ మాకూ మధ్య సగం పడవ దూరం ఉందేమో. మా ఆవిడ "హైలెస్సా" అని అరిచింది. చుట్టూ ఉన్న దొరసానులు అదేదో కాలేజీ కేక అనుకుని వాళ్ళూ అందుకున్నారు. పడవ లాంగ్ రీచ్ అనే పొడుగాటి తిన్నని దారిలోకి పోయి చిన్నదైపోయింది. ఇంకాస్త నిలబడితే గమ్యం చేరి చోటు దక్కేది. దూరంగా రెండు పడవలు ఒకటైపోయినట్టు కనిపించాయి. ఆ రెంటి మధ్య ఒక చెయ్యి లేచింది. వెంటనే లేచింది.

అలా నాలుగు రోజులూ నాలుగు మెట్లు దిగారు. నాలుగు రోజులూ ముందువాళ్ళని తాకిన జట్టుకి బ్లేడ్స్ వచ్చాయంటారు. గడ్డం గీసుకునే బ్లేడు కాదు, పడవ తెడ్డు. దాని మీద జట్టు పేర్లన్నీ రంగులతో రాయించి గోడకి పెట్టుకుంటారు. నాలుగు రోజులూ తగిలించుకున్నవాళ్ళకి స్పూన్స్ వచ్చాయంటారు, అంటే చెక్క గరిటె. వెక్కిరింపే, కాని వాళ్ళు దాన్నీ పండగ చేసుకుంటారు. మొత్తానికి మొదటి చోటు దక్కించుకున్న కాలేజీవాళ్ళు పాత చెక్క పడవ ఒకదాన్ని తగలబెట్టి మంట మీదినుంచి గెంతుతారట. కాలవల మీద బతికినవాణ్ణి, పడవని తగలబెట్టడం మాత్రం నా మనసుకి ఎక్కలేదు. చూడ్డానికి రమ్మన్నా వెళ్ళలేదు.

శనివారం రాత్రి జట్టు తొమ్మండుగురూ మా అమ్మాయి ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆవిడ పులిహోర కలుపుతోంది. కలపడానికి రాజమండ్రి నుంచి పెట్టెలో పెట్టి తెచ్చిన చెక్క తెడ్డు చేతిలో ఉంది. పిల్లలు స్పూన్స్, బ్లేడ్స్ అని మాట్లాడుకుంటుంటే మా మనవరాలు ఇంగ్లీషులో వాళ్ళకి చెబుతోంది: మా భాషలో పడవకి వేసేదీ తెడ్డే, వంటకి వాడేదీ తెడ్డే, గెలిచినా ఓడినా మాకు ఒకటే ఇస్తారు అని. వాళ్ళు పగలబడి నవ్వి, మా ఆవిడ చేతిలోంచి ఆ తెడ్డు లాక్కుని, కడిగి, తొమ్మిది పేర్లూ దాని మీద రాశారు. కమిలిన మణికట్టు అమ్మాయి ఎడమ చేత్తో రాసింది.

మరుసటి ఏడు, 2024లో, ఆ పడవ పోయిన నాలుగింటిలో రెండు మెట్లు తిరిగి ఎక్కింది. మా పిల్ల అప్పుడు పడవలో లేదు. గట్టు మీద సైకిలు తొక్కుతూ ఈల ఊదిందట. తెడ్డు బోటుహౌస్ గోడకే ఉంది, ఎన్నిసార్లు అడిగినా తిరిగి రాలేదు. మా ఆవిడ మొన్న పుష్కరాల రేవు దగ్గర ఇంకొకటి కొనుక్కుంది.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఫ్యామిలీ పెన్షన్ గురించి మాట్లాడవలసిన మిత్రులకు మైకు అప్పగిస్తూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.